గడియ ఏ వైపున

మొదటి దెబ్బ తనే వేస్తానని పట్టుబట్టాడు ఇంటాయన.

పనివాళ్ళు నవ్వుకుంటూ పక్కకి జరిగారు. డిజైనరమ్మకి ఇలాంటి సరదాలు కొత్త కాదు. గోడ పగలగొట్టే రోజున యజమాని సమ్మెట అందుకోవడం, ఒక్క దెబ్బ వేసి ఫొటో దిగడం, ఆనక నడుం పట్టుకుని కుర్చీలో కూలబడటం, అన్నీ చూసినవే. "కళ్ళద్దాలు పెట్టుకోండి సార్, పెచ్చులు ఎగురుతాయి" అని మాత్రం అంది.

ఆయన ఫొటో దిగలేదు. ఒక్క దెబ్బతో ఆగనూ లేదు. వంటింటికీ హాలుకీ మధ్యనున్న ఆ గోడ తనని ఏదో అనరాని మాట అన్నట్టు ఎడాపెడా బాదాడు. ఇటుకలు రాలాయి, దుమ్ము లేచింది, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా ఆపడే! సమ్మెట లేచిన ప్రతిసారీ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పనివాళ్ళ నవ్వులు మాత్రం ఒక్కొక్కటే ఆరిపోయాయి.

హాలులో పెద్దావిడ, అంటే ఆయన తల్లి, సోఫాలో కూర్చుని టీవీ చూస్తోంది. మొదటి దెబ్బ పడగానే రిమోట్ తీసి సౌండు పెంచింది. తలైనా తిప్పలేదు.

ఇల్లాలు వంటింటి మూల, స్టోర్ రూము తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది. డిజైనరమ్మ కన్ను ఆవిడ మీద ఎందుకు పడిందంటే, దెబ్బ గోడకి తగలకముందే ఆవిడ భుజం ఎగిరిపడుతోంది. చప్పుడుకి ఉలిక్కిపడటం వేరు. ఇది చప్పుడు రాకముందే. డిజైనరమ్మ చూసింది, చూసి పక్కన పెట్టేసింది. పనిలో ఉన్న మనిషి ఎన్నింటినని పట్టించుకుంటుంది!

పైగా ఈ పని తనకి ముద్దు. ఈయన అందరిలాగా తళుకుబెళుకులు అడగలేదు. "ఇరవై ఏళ్ళయినా విసుగు పుట్టని ఇల్లు కావాలి మేడమ్. సుఖంగా ఉండాలి, గట్టిగా ఉండాలి" అన్నాడు మొదటిరోజే. సున్నపు పూత గోడలు, పదును తీసిన అంచులు, నూనె పట్టించిన అసలు చెక్క, చప్పుడు చేయని సొరుగులు, ఇప్పుడు లోకమంతా వెంటపడుతున్న వాటిని ఆవిడ ఏకరువు పెడుతుంటే ఆయన ప్రతిదానికీ తలూపాడు. "గోడలూ తలుపులూ తీసేస్తే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది సార్" అని, ప్రతి ఇంట్లోనూ చెప్పే మాటే ఇక్కడా చెప్పింది. ఆయన ముచ్చటపడిపోయి "అదీ మాట! నా ఇంట్లో నాకు కనపడని మూలంటూ ఉండకూడదు" అన్నాడు. ఆ మాటకి డిజైనరమ్మ ఎంత పొంగిపోయిందనీ!

సమ్మెట కింద పడేశాక, డిజైనరమ్మ కాగితం విప్పి ప్లాను చూపించింది. "రేపు ఆ స్టోర్ రూము తలుపు కూడా పీకించేస్తాను సార్. అక్కడ ఆర్చి వస్తుంది. లోపలి అరలన్నీ హాల్లోంచే కనిపిస్తాయి."

"ఆ గదికి తలుపు ఉంచండి" అంది ఇల్లాలు. ఉదయం నుంచీ ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదే.

"తలుపెందుకే? డబ్బాలు లేచి పారిపోతాయనా?" అని ఇంటాయన పకపకా నవ్వాడు. పనివాళ్ళూ నవ్వారు. పెద్ద జోకేదో విన్నట్టు డిజైనరమ్మా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి మేస్త్రీ పనిముట్ల సంచీతో దిగాడు. డిజైనరమ్మ ఈ వృత్తిలో అడుగుపెట్టిన నాటినుంచీ ఆవిడ పనులన్నీ చేస్తున్నవాడు, ఆవిడని అమ్మాయ్ అని పిలిచే చనువున్నవాడు. అతను సంచీ విప్పుకునేలోగా ఆవిడ టేపు పట్టుకుని స్టోర్ రూములోకి వెళ్ళి, వెనక గోడ కొలత కోసం తలుపు దగ్గరికి వేసింది. వేయగానే చెయ్యి అలవాటుగా గడియ మీద పడింది. పడి, అక్కడే ఆగిపోయింది.

స్టోర్ రూముకి లోపలి వైపు గడియ ఎవరు పెట్టుకుంటారు?

అదీ ఒకటి కాదు. పైనొకటి, కిందొకటి, నడుమ ఇంకొకటి. నడుమ గడియ చుట్టూ పాత స్క్రూల బెజ్జాలు చీమల పుట్టలా ఉన్నాయి. ద్వారబంధం అక్కడ చీలింది, జిగురు పెట్టి అతికించారు, మళ్ళీ చీలింది, ఇనుప పట్టీ వేసి బిగించారు. ఆవిడ గోరుతో రంగు గీకింది. రంగు కింద లప్పం, లప్పం కింద ఇంకో రంగు, దాని కింద మళ్ళీ లప్పం. బయటికొచ్చి తలుపు మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. భుజం ఎత్తున చెక్క లోపలికి కుంగి ఉంది. మోకాలి ఎత్తున ఇంకో గుంట. పైన రంగు మాత్రం శుభ్రంగా, ఎక్కడా చార లేకుండా వేశారు.

మళ్ళీ లోపలికి వెళ్ళి వంగి చూసింది. కింది అరలో డబ్బాల వెనక ఒక చిన్న దిండు, నీళ్ళ సీసా, నొప్పి మాత్రల అట్ట. నేల మీద కూర్చుంటే తల ఆనే చోట గోడ జిడ్డుపట్టి నల్లబడింది. ఎన్నిసార్లు ఆనితే అలా నల్లబడుతుంది!

డిజైనరమ్మ చంకలో ప్లాను ఉంది. అందులో ఈ తలుపు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది తనే.

"మేస్త్రీ, స్క్రూలు విప్పకు."

"ఏమైందమ్మాయ్?"

ఆవిడ ద్వారబంధం చూపించింది. అతను చీలిక మీద వేలు నడిపించి, వేలు తీసేసి, గొంతు బాగా తగ్గించాడు. "మనకెందుకమ్మాయ్? పని చేసుకుని పోయేవాళ్ళం."

సరిగ్గా అదే మాట తన నాలిక చివర కూడా ఉన్నందుకు ఆవిడకి ఒళ్ళు మండింది.

ఇంటాయన ఆఫీసుకి తయారై, సెంటు కొట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఇల్లాలు పాత సొరుగుల్లోంచి గరిటెలూ చెంచాలూ తీసి పెట్టెలో సర్దుతోంది. "ఏంటి, ఇంకా పీకలేదే?" అన్నాడు ఆయన.

"అదే ఆలోచిస్తున్నాను సార్" అంది డిజైనరమ్మ. "తలుపు ఉంచేస్తేనే నయమేమో. సరుకులకి తేమ తగులుతుంది, దుమ్ము..."

ఆయన ఆవిడ వైపు చూడలేదు. చిరునవ్వుతో పెళ్ళాం వైపు చూశాడు. "ఏమే, అప్పుడే మేడమ్ చెవిలో ఊదావా?"

"లేదండీ. నేనేం అన్లేదు."

"అబ్బే, అడుగుతున్నానంతే." ఆయన నింపాదిగా నడిచి ఆవిడ పక్కన నిలబడ్డాడు. "మేడమ్, మీరు చెప్పిన కొత్త సొరుగులు ఎంత గట్టిగా తోసినా మెల్లగా మూసుకుంటాయన్నారు కదూ?"

"అవును సార్."

"ఈ పాతవి అలా కాదు. చూడండి."

ఇల్లాలి కుడిచెయ్యి ఇంకా సొరుగులోనే ఉంది. ఆయన తుంటితో ఒక్క తోపు తోశాడు. లోపల చెంచాలు గల్లుమన్నాయి. వాటి కిందుగా, ఎండుపుల్ల విరిగినట్టు ఇంకో చప్పుడు. ఆవిడ నోరు తెరుచుకుంది గానీ గొంతులోంచి ఏమీ రాలేదు. ఆయన తుంటి తీయలేదు. అలాగే ఆనుకుని నిలబడి, చొక్కా చేతుల గుండీలు పెట్టుకున్నాడు, ముందు ఎడమది, తర్వాత కుడిది. హాలులో టీవీ సౌండు పెరిగింది.

"అందుకే కొత్తవి వేయిస్తున్నది" అన్నాడు గుండీలు పెట్టుకోవడం అయ్యాక. "నా ఇంట్లో చప్పుడు ఉండకూడదు. సాయంత్రానికి ఆ తలుపు పీకేసి ఉండాలి మేడమ్." తాళాలు ఆడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన ముఖం మీద ఛీ కొట్టాలి, ఆ సొరుగు లాగాలి, అరవాలి. ఇవన్నీ డిజైనరమ్మకి కారు గేటు దాటాక తోచాయి. చివరికి ఆవిడ నోట వచ్చింది ఒకే ఒక్క ముక్క, అదీ పీలగా. "ఐస్ ఉందా?"

"ఫ్రిజ్‌లో పై అరలో ఉందమ్మాయ్" అంది పెద్దావిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

చెవులు చిల్లులు పడే ఆ సౌండులో ఈ పీల మాట ఆవిడకి ఎలా వినబడిందో! అంటే చెవుడేమీ లేదన్నమాట.

మేస్త్రీ తన తువ్వాలు చింపి, ఇంత చెక్క ముక్క ఆసరా పెట్టి, ఆ వేళ్ళు కట్టాడు. రెండు వేళ్ళు అప్పుడే వంకాయ రంగుకి తిరిగాయి. ఇల్లాలు పంటి బిగువున కూర్చుంది. కట్టు ముడిపడ్డాక, కోపమేమీ లేకుండా అంది, "మీరు తలుపు మాట ఎత్తకపోయుంటే ఇవాళ బానే గడిచేదండీ."

"ఆస్పత్రికి పదండి. అట్నుంచే పోలీసుల దగ్గరికి."

"ఒకసారి వెళ్ళాను. ఎవరు చూశారని అడిగారు." ఇల్లాలు సోఫా వైపు చూసి, చూపు తిప్పుకుంది. "ఆవిడ చూడలేదు. టీవీ చూస్తున్నారట. మీరైతే చూశారుగా. చెబుతారా?"

తన ఆఫీసు, ఆయన పలుకుబడి, ఆయన స్నేహితులు ఇవ్వబోయే ఇళ్ళు, అన్నీ ఒక్కసారి డిజైనరమ్మ కళ్ళముందు తిరిగాయి. "చూద్దాం లెండి" అంది.

ఇల్లాలు తలూపి, ఎడమచేత్తో చెంచాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ చూద్దాం అన్న మాట డిజైనరమ్మని తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు. నోటితో చేయలేని పని పెన్సిలుతో చేద్దామనుకుంది. పిరికివాళ్ళకి అలాంటి దారులు బాగా తోస్తాయి! మర్నాడు ఇంటాయన ముందు కొత్త ప్లాను పరిచింది.

"తలుపు పీకేశాం సార్. కానీ ఆర్చి ఇప్పుడు పాతబడిపోయింది. ఇప్పుడంతా మాయ తలుపులు. గోడ పొడుగునా చెక్క పలకలు వేస్తాం, అందులో ఒక పలకే తలుపు. పిడి ఉండదు, బందులు కనపడవు. అక్కడ గది ఉందని చెబితే తప్ప తెలీదు."

ఇంటాయన కళ్ళు మెరిశాయి. వచ్చినవాళ్ళని ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం అని ఆడించవచ్చు. "మీరు ఘటికులు మేడమ్" అని మెచ్చుకుని సంతకం పెట్టేశాడు.

ఆయన అటు వెళ్ళగానే ఆవిడ ఇల్లాల్ని పిలిచి, మేస్త్రీ ఎదురుగానే, నేల మీద సుద్దతో గీసి చూపించింది. "ఇది మామూలు పలకలా కనిపిస్తుంది గానీ లోపల రెండంగుళాల గట్టి చెక్క. ఇదివరకటి తలుపు గదిలోపలికి తెరుచుకునేది, అందుకే భుజంతో కొడితే చీలిపోయేది. ఇది వంటింట్లోకి తెరుచుకుంటుంది. బయటినుంచి ఎంత తోసినా ద్వారబంధమే ఆపుతుంది. గోడ విరగాలి తప్ప ఇది రాదు. లోపల కిందుగా గడియ. కాలితో తొక్కితే నేలలోకి దిగిపోతుంది. చెయ్యి అక్కర్లేదు."

ఇల్లాలు సుద్ద గీతల్ని చాలాసేపు చూసింది. "అటునుంచి తోసేవాళ్ళకి రాదన్నమాట."

"రానే రాదు."

"గడియ ఏ వైపున పెట్టినా ఇంతే గట్టిగా ఉంటుందా?"

"తలుపు తెరుచుకునే వైపు కూడా దాన్నిబట్టి మార్చాలనుకోండి. అదంతా మేస్త్రీ చూసుకుంటాడు. మీరు భయపడకండి."

"భయం కాదండీ. తెలుసుకుందామని" అంది ఇల్లాలు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "టీ తాగుతారా బాబాయ్?" అని అడిగింది.

డిజైనరమ్మ చేతులు దులుపుకుని ఇంకో ఇంటి పనికి వెళ్ళిపోయింది. మనసు కాస్త తేలికపడింది కూడా. ఒక మనిషికి దాక్కోవడానికి మంచి చోటు కట్టి ఇచ్చానని సంతోషించడం ఎంత సిగ్గుమాలిన సంతోషమో అప్పటికింకా తట్టలేదు.

ఇల్లు అప్పగించే రోజు మధ్యాహ్నం డిజైనరమ్మ వచ్చింది. కళ్ళు తిప్పుకోలేనంత అందంగా ఉంది ఇల్లు. గోడ పోయిన చోట ఎండ హాలు చివరిదాకా పరుచుకుంది. సున్నపు గోడలు వెన్న రంగులో మెత్తగా ఉన్నాయి, లేత రంగు రాతి గట్టు నున్నగా మెరుస్తోంది. సొరుగులు ముట్టుకుంటే చాలు, గుట్టుచప్పుడు కాకుండా మూసుకుంటున్నాయి. పెద్దావిడ సోఫా మాత్రం పాతదే. దాన్ని మార్చనివ్వలేదట.

డిజైనరమ్మ ఇవేవీ చూడలేదు. తిన్నగా చెక్క పలకల దగ్గరికి నడిచి, తలుపు పలక అంచున వేళ్ళు పెట్టి తన వైపుకి లాగింది. రాలేదు. తోసింది. అది మెత్తగా లోపలికి తెరుచుకుంది.

లోపలికి!

వంగి లోపలి వైపు తడిమింది. గడియ లేదు. పిడి లేదు. వేలు పట్టడానికి గాడి కూడా లేదు. నున్నటి చెక్క. గడియ బయటి వైపున, పలక అడుగున, చెక్కలో కలిసిపోయి ఉంది. కాలితో తొక్కే గడియ, నేలలో బెజ్జం, అన్నీ తను గీసినవే, తిరగేసి పెట్టారు. లోపల పడ్డవాళ్ళు గింజుకు చచ్చినా బయటికి రాలేరు.

ఆయన పనే. ఆయన కనిపెట్టేశాడు. ఇల్లాలు దాక్కోవడానికని తను గది గీసి ఇస్తే, ఆయన దాన్ని బందిఖానా చేసుకున్నాడు. డిజైనరమ్మ మేస్త్రీకి ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. ఇల్లాలితో చెబుదామని వెనక్కి తిరిగేసరికి, ఇంటాయన కారు తాళాలు ఆడిస్తూ హాల్లోకి వచ్చేశాడు.

"అబ్బబ్బ, ఏం ఇల్లు మేడమ్! ఇక్కడ నిలబడితే అన్నీ కనిపిస్తున్నాయి" అంటూ వంటింట్లోకి నడిచాడు. గట్టు దగ్గర ఇల్లాలు ఎడమచేత్తో టీ కప్పు పట్టుకుని ఉంది. పొగలు కక్కుతోంది. కప్పు ఇందాక పెట్టిన చోట, లేత రాయి మీద గోధుమరంగు గుండ్రటి మరక.

ఆయన మరకని వేలితో రుద్దాడు. పోలేదు. ఇంకోసారి రుద్దాడు.

"ఇరవై ఏళ్ళు ఉండాల్సిన ఇల్లు" అన్నాడు. "ఒక్క రోజు! ఒక్క రోజు ఉండనివ్వవా?"

చెంప మీద పడిన దెబ్బకి ఆవిడ తల పక్కనున్న బీరువాకి కొట్టుకుంది. కప్పు మాత్రం వదల్లేదు. ఆయన జుట్టు చుట్టి పట్టి, ముఖాన్ని ఆ మరక మీదకి వంచి నొక్కాడు. "నాకు! నాకి తుడువు!" రెండో చేత్తో కట్టు కట్టి ఉన్న వేళ్ళు పట్టుకుని మెలితిప్పాడు. ఈసారి ఆవిడ అరిచింది. ఆ అరుపు అడ్డుగోడ లేని ఇల్లంతా తిరిగింది. అంతా హాల్లోంచి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. డిజైనరమ్మ కట్టిన ఇల్లు కదా, కనపడని మూలంటూ ఎక్కడ ఏడ్చింది! హాలులో సౌండు పెరిగింది.

ఆ అరుపుతోనే ఇల్లాలి ఎడమచెయ్యి లేచింది. కప్పులో వేడి టీ అంతా ఆయన కళ్ళలో పడింది. ఆయన జుట్టు వదిలేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని వెనక్కి తూలాడు. ఆవిడ పలకల వైపు పరిగెత్తింది.

డిజైనరమ్మ అప్పటికి అరిచింది. "అందులోకి వెళ్ళకండి! వద్దు, అందులోకి వెళ్ళకండి!"

ఇల్లాలు వెళ్ళలేదు. పలకని కాస్త దగ్గరికి లాగి వదిలేసి, ఫ్రిజ్ పక్కన గోడకి కరుచుకుని నిలబడింది.

ఆయన కళ్ళు తెరవలేకపోతున్నాడు. చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. అందులోకి వెళ్ళకండి అన్న అరుపు విన్నాడు, ఎక్కడికి పోయిందో తెలిసిపోయింది. బూతులు లంకించుకుని, తల వంచి, ఎన్నేళ్ళనుంచో అలవాటైన దూకుడుతో, భుజం ముందుకి పెట్టి ఆ తలుపు మీదకి ఉరికాడు.

తలుపు ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంది. ఆయన ఆ ఊపుకి వెళ్ళి వెనక అరల మీద బోర్లా పడ్డాడు. డబ్బాలన్నీ ఒకదాని వెంట ఒకటి ఆయన మీద దొర్లాయి. ఆయన లేచేలోగా ఇల్లాలు ఎడమచేత్తో పలక లాగి, మడమతో గడియ తొక్కింది. అది టక్కున నేలలోకి దిగిపోయింది.

లోపలినుంచి మొదటి దెబ్బ పడింది. పలకలన్నీ అదిరాయి. అంతే, అదరడమే. ఆ తర్వాత వరసగా తన్నులు. ద్వారబంధం వాటినన్నింటినీ కాచుకుంది.

ఇద్దరు ఆడవాళ్ళూ రొప్పుతూ నిలబడ్డారు. ఇల్లాలి పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదకి దిగుతోంది. డిజైనరమ్మ గడియ వైపు చూపించింది. "ఇది... ఇలా తిప్పి పెట్టింది ఆయనే అనుకున్నాను."

"నేనే పెట్టించానండీ. బాబాయ్ వద్దు వద్దంటూనే పెట్టాడు." ఆవిడ జడతో పెదవి అద్దుకుంది. "లోపల ఎంత బాగున్నా, ఎన్నాళ్ళని నేనే కూర్చోను?"

డిజైనరమ్మకి ముఖం చెల్లలేదు. తలుపు గట్టిదనం గురించి అన్ని ముచ్చట్లు చెప్పింది గానీ, ఆ వైపు ఎవరుండాలన్నది తనకి తోచనేలేదు.

ఇల్లాలు గట్టు మీదున్న తన ఫోన్ తీసి ముందుకి చాపింది. "ఈ వేళ్ళతో నొక్కలేకపోతున్నాను. మీరు నొక్కండి. ఎవరు చూశారని అడుగుతారు, ముందే చెబుతున్నా."

"నేను చూశాను" అంది డిజైనరమ్మ. ఈసారి గొంతు పీలగా లేదు. "ఆ సొరుగు దగ్గర్నుంచీ అంతా చెబుతాను." నంబర్లు నొక్కింది.

లోపల తన్నులు ఆగాయి. ఆయన ఒగర్చడం వినిపించింది. తర్వాత గొంతు మారింది. చిన్నపిల్లాడు దెబ్బ తగిలించుకుని వచ్చినప్పటి గొంతు. "అమ్మా! అమ్మా, వినపడుతోందా? తలుపు తియ్యమ్మా!"

ఇద్దరూ ఒక్కసారి సోఫా వైపు తిరిగారు. మధ్యలో గోడ లేదు. పెద్దావిడ లేచి నడిస్తే నాలుగు అంగల్లో వచ్చేస్తుంది. వంగి ఒక్కసారి గడియ ఎత్తితే చాలు. ఫోన్ అవతల ఎవరో "చెప్పండి" అంటున్నారు. డిజైనరమ్మ నోరు తెరిచింది గానీ చూపు తిప్పుకోలేకపోయింది.

పెద్దావిడ ఇన్నాళ్ళలో మొదటిసారి తల తిప్పింది. కోడలి చిట్లిన పెదవిని చూసింది. గడియ పడ్డ పలకని చూసింది.

"అమ్మా!"

ఆవిడ మళ్ళీ టీవీ వైపు తిరిగి, రిమోట్ అందుకుని సౌండు పెంచింది.